అంకారావు ముక్కు తెరిచిన అత్తగారు

గురజాల కారం మిల్లులో అంకారావు పనంతా ముక్కుతోనే. వచ్చిన ప్రతి బస్తా మూతి విప్పి, గుప్పెడు మిరపకాయలు తీసి, చెమ్మకు పాడైన ముక్కవాసన ఉందో లేదో చెప్పాలి. పదిహేనేళ్ల ఘాటుకు అతని మొహం ఒకే తీరుకు అలవాటు పడిపోయింది. కాయలు ఇంకా బస్తాలో ఉండగానే కళ్లు చికిలించి, ముక్కు ముడిచి, పెదవి ఎగేసేవాడు. తలంబ్రాలప్పుడూ అదే మొహం.

"నా పిల్ల కంపు కొడతందా నాయనా?" అని అత్త రంగనాయకమ్మ మండపంలోనే అడిగేసింది. ఆవిడంటే అతనికి అప్పట్నుంచీ హడల్.

ఈ ఏడు కాయలు వానకు తడిశాయి. ముక్కిన బస్తాలు రెండు అంకారావు ముక్కు కిందనుంచే దాటిపోయాయి.

"మూడోది దాటిందా, ఇక పనిలోకి రామాక" అన్నాడు ఓనరు ఆనంద్ బాబు.

తొడిమలు తీసే మిస్బా కిసుక్కున నవ్వింది. "మొహం అట్టా ముడిస్తే ముక్కు మూసుకుపోదా అన్నా? వాసన ఎట్టా పోద్ది లోపలికి?"

"పదిహేనేళ్లుగా చూస్తన్నానే."

"పదిహేనేళ్లుగా మొహం పెడతన్నావు. అదిగో, మీ అత్త."

అంకారావు కళ్లు ఇంతింతయ్యాయి. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. మిషను గ్రీజు, మిస్బా క్యారేజీలో గోంగూర, ఓనరు తలనూనె, అన్నీ ఒక్కసారే తెలిశాయి. గుమ్మంలో మాత్రం ఎవరూ లేరు.

ఆ రోజునుంచి బస్తా విప్పినప్పుడల్లా మిస్బా "మీ అత్త" అనేది, అంకారావు అదిరిపడి సరిగ్గా చెప్పేవాడు. నాలుగు రోజులకు భయం పోయింది.

"అన్నా, మీ అత్త."

"చానా చూశాంలే" అని ముక్కు ముడిచాడు.

"నా కాయలక్కూడా అదే మొహమా అల్లుడా?"

నిజంగానే అత్త. విప్పిన బస్తా ఆవిడదే. కళ్లూ ముక్కూ బార్లా తెరుచుకున్నాయి, ముక్కవాసన గుప్పుమంది. పక్కనే ఓనరు.

"ముక్కినయ్ అత్తా" అన్నాడు.

రంగనాయకమ్మ గుప్పెడు తీసి, అచ్చం అల్లుడిలాగే మొహం ముడిచి చూసింది. "ఏందయ్యా, నాకేం వాసన రాట్లా."

ఆవిడ ఎవరికి భయపడుతుంది గనక? అంకారావు తల గోక్కున్నాడు.

"అత్తా, గ్యాస్ కట్టేసే వచ్చావా?"

ఆవిడ కళ్లు ఇంతింతయ్యాయి. ముక్కు తెరుచుకుంది. చేతిలో గుప్పెడు ఇంకా అక్కడే ఉంది.

"ఓరి నీ... ముక్కినయ్యే" అంది.

బస్తాను ఆటోలోకి ఎత్తించాక ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "అయితే పెళ్లినాడు కూడా ఘాటు మొహమేనా?"

"ఘాటుదే అత్తా."

"ముందే చెప్పొద్దా ఏందయ్యా" అని, ఆటోవాడివైపు తిరిగింది. "తొందరగా పోనీరా. గ్యాస్ కట్టేశానో లేదో."