ఏడు మీటర్ల గీత

ఏటి దిగువ ఊళ్ళవాళ్ళందరూ ఆమెను గేజమ్మ అంటారు. పందొమ్మిదేళ్ళుగా ఆమెది ఒకటే పని. రెండు కొండలు దగ్గరకొచ్చి ఏటిని ఇరుకున పెట్టే చోట, గట్టు మెట్ల పక్కన, మీటర్లూ సెంటీమీటర్లూ గీసిన ఇనుప కొలబద్ద ఒకటి పాతి ఉంది, దాన్నే గేజి అంటారు. రోజుకు మూడుసార్లు మెట్లు దిగి, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి, పుస్తకంలో రాసి, కంట్రోల్ రూంకి ఫోన్ చేసి చెప్పాలి. ముందు ఆ పని భర్త చేసేవాడు. ఆయన పోయాక ఆమెకిచ్చారు. మొదటిరోజు ఇంజినీరు ఒక్క మాటే చెప్పాడు, చూడని అంకె రాయొద్దని. ఒళ్ళు కాలిపోయే జ్వరంలోనూ, కూతురి కాన్పు రోజునా కూడా ఆమె చూడని అంకె రాయలేదు.

ఇరుకు దాటాక లోయ ఒక్కసారిగా వెడల్పవుతుంది. ఏరు రెండు పాయలుగా చీలి, మధ్యలో ఒండ్రుమట్టి దిబ్బ. దాని మీద నలభై గడపలు, దోసపాదులు, వంగతోటలు. ఆమె చెల్లెలి ఇల్లూ అక్కడే. ఇక్కడి నీళ్ళు అక్కడికి చేరడానికి గంటన్నర పడుతుంది. ఇక్కడ ఏడు మీటర్ల గీత మునిగితే దిబ్బ మీద సైరను మోగిస్తారు. ఒక్క సెంటీమీటరు తక్కువైనా మోగించరు.

ఆ రోజు ఎండ బాగా కాస్తోంది. పదింటికి పైగేజి పెద్దాయన ఫోన్ చేయలేదు. యాభై కిలోమీటర్ల ఎగువన, కొండల్లో, ఆయనదీ ఇదే పని. రోజూ పదింటికి "ఏం గేజమ్మా, బతికే ఉన్నావా" అని పలకరించి తన అంకె చెప్పేవాడు. ఆమే చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. పదకొండు తర్వాత మోగడం కూడా మానేసింది.

మెట్లు దిగి చూసింది. అయిదు తొంభై. నీళ్ళలో ఇటుకపొడి కలిపినట్టుంది. ఒక చెట్టు వేళ్ళతో సహా కొట్టుకొచ్చింది, ఆకులింకా వాడలేదు. దాని వెనక చచ్చిన మేక, మెడకు తాడు, తాడు చివర గుంజ. విప్పి వదిలేసేంత తీరిక కూడా దాని వాళ్ళకు దొరకలేదన్నమాట. ఆమె కంట్రోల్ రూంకి ఫోన్ కలపసాగింది.

పన్నెండింటికి కంట్రోల్ రూం గుమాస్తా ఫోన్ ఎత్తాడు.

"పైగేజి పలకడం లేదు బాబూ. సైరను వేయించండి."

"అంకె చెప్పమ్మా. నీకు భయమేసిందని సైరను వేస్తే నా ఉద్యోగం ఏట్లో కలుస్తుంది. పోయినేడాది చాల్లే."

పోయినేడాది నీళ్ళు ఏడు దాటాయి. సైరను మోగింది, దిబ్బంతా పడవలెక్కింది. తీరా చూస్తే వరద గడపలదాకా కూడా రాకుండా తీసేసింది. ఆ హడావుడిలో చెల్లెలి అత్తగారు పడవ దిగుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నించీ మంచంలోనే.

"ఎంతమ్మా?"

నీళ్ళు ఆరు పది దగ్గరున్నాయి.

"ఏడు సున్నా అయిదు," అంది.

కాసేపటికి చెల్లెలి ఫోన్. వెనకనించి సైరను వినబడుతోంది.

"అక్కా, ఈయన కదలనంటున్నాడు. మీ అక్క లెక్కకి మా అమ్మ ఒక తుంటి ఇచ్చింది, రెండోది ఇవ్వదు అంటున్నాడు. నువ్వు కళ్ళారా చూశానంటేనే లేస్తాట్ట. చూశావా?"

"చూశాను."

ఫోన్ పెట్టేసి కొలబద్ద ముందు కూర్చుంది. ఆరు ఇరవై. ఆరు ముప్ఫై రెండు. అక్కడ ఆగింది. పావుగంట సేపు నీళ్ళు ఆ గీత దగ్గరే ఊగాయి. పెరిగితే బాగుండుననుకుంది. అలా అనుకున్నందుకు లెంపలేసుకుంది.

ఒంటిగంటన్నరకు ఏరు చప్పుడు మారింది. ఇరుకులోంచి బండరాళ్ళు దొర్లుతున్నట్టు లోపలెక్కడో మోత. ఆమె చూస్తుండగానే ఏడు గీత మునిగింది. కూర్చున్న మెట్టు తడిసింది. పై మెట్టు ఎక్కింది, అదీ తడిసింది. గట్టు మీదికి వచ్చేసరికి మళ్ళీ చెల్లెలి ఫోన్.

"ఒడ్డుకు చేరాం అక్కా. అత్తగారిని బడి వరండాలో పడుకోబెట్టాం. నిన్నూ నన్నూ కలిపి తిడుతోంది, అంటే బాగానే ఉన్నట్టు."

"మీ ఆయనేడీ?"

"ఇక్కడ నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయిగా. ఇంటి కప్పు రేకులైనా విప్పుకొస్తానని మళ్ళీ పడవేసుకుని వెళ్ళాడు."

ఆమె మరిది నంబరు నొక్కింది.

"చెప్పండి వదినా," అన్నాడు నింపాదిగా. "మీ ఏడు మీటర్లూ దారిలో ఎక్కడైనా కునుకు తీస్తున్నాయా?"

"ఎక్కడున్నావు బాబూ?"

"పాయ మధ్యలో."

"వెనక్కి తిప్పు."

"ఎనిమిది రేకులు. రెండు గంటల్లో వచ్చేస్తా. ఇందాకట్నించీ మీ వరద కోసమే చూస్తున్నాం, రాదే."

"పన్నెండింటికి ఏడు లేదు. ఆరు పదే ఉంది. సైరను కోసం అబద్ధం చెప్పాను. మీ ఆవిడతోనూ అబద్ధమే చెప్పాను." గట్టు మీంచి వంగి కొలబద్ద చూసింది. "ఇప్పుడు చూసి చెబుతున్నాను. ఏడు అరవై. ఒక్క మెట్టు కూడా కనబడటం లేదు. నువ్వు ఇంటికెళితే తిరిగి రాలేవు."

ఫోన్ ఎక్కడో చెక్క మీద పెట్టిన చప్పుడైంది. తెడ్డు నీళ్ళలో పడింది, మళ్ళీ పడింది. పడవ ఎటు తిరిగిందో ఆమెకు తెలియలేదు. పేరు పెట్టి పిలిచింది. తెడ్డు ఆగలేదు. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, ఒక్కో తెడ్డు దెబ్బా వింటూ నిలబడింది.