హెడ్డింగు తర్వాతి సంగతి

ఈ ఉదయం పాత పేపర్ల కట్ట విప్పితే సిరా వాసన, దాని వెనకే పాత బెల్లం వాసన వచ్చాయి. భివండి కామత్‌ఘర్‌లోని మా కిరాణా దుకాణంలో పల్లీలు, చింతపండు ఇప్పటికీ కాగితంలోనే కడతాను. పైనున్న కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘మరమగ్గాలకు త్వరలో మంచిరోజులు’ అని ఉంది. తేదీ ఉండాల్సిన మూల చిరిగిపోయింది. నా నోటి నుంచి దానంతటదే ఒక మాట వచ్చింది: “అచ్చినంక?” చింతపండు కోసం నిలబడ్డ ఆమె “ఎవలచ్చిన్రు?” అంటూ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ రాలేదు. అది నర్సింగం మామ మాట.

మామ మాకు చుట్టం కాదు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, దుకాణానికి ఎదురుగా ఉన్న కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచా అనే అంటారు. మా బాపును బావా అని పిలిచాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. పగటి షిఫ్టు దిగి, జుట్టు నిండా దూది నూగుతో వచ్చి, దుకాణం ముందున్న ఇనుప కుర్చీలో కూలబడేవాడు. మగ్గాల మధ్య అరిచి అరిచి మాట్లాడిన గొంతు కావడంతో ఆయన గుసగుస కూడా గల్లీ చివరిదాకా వినబడేది. చాయ్ వచ్చేలోగా పొట్లాల కట్టలోంచి ఒక కాగితం లాగి హెడ్డింగు మాత్రం చదివేవాడు. కింద వార్త జోలికి పోయేవాడు కాదు. ఆ తర్వాత ఏమైందో తానే చెప్పేవాడు.

ఒకనాడు ‘భివండి రోడ్లపై ఇక ఒక్క గుంత ఉండదు’ అని వచ్చింది.

“గుంతలు పూడ్సిన్రు,” అన్నాడు మామ. “ఆటోలోల్లు ఆగమైన్రు. మూడో గుంతకాడ ఎడమకు తిర్గాలె, పెద్ద గుంతకాడ సవారీని దింపాలె, గట్ల యాదికి పెట్టుకున్నరాయె. కార్ఖానకు పొయ్యెటోన్ని తీస్కపోయి కళ్యాణ్‌ల దింపిన్రు. కుదుపు లేక వాడు పండుకున్నడు మరి.”

“చాయ్ సల్లారుతుంది నర్సిం,” అన్నాడు బాపు. ఆయనకు నవ్వు కూడా అరువు ఇవ్వడం ఇష్టం ఉండదు.

ఇంకోసారి ‘మగ్గాల చప్పుడు తగ్గించేందుకు కమిటీ’. దీన్ని మామ చాలాసేపు నమిలాడు. “కమిటీ అచ్చింది. సాంచాలు సప్పుడు చేస్తలేవు. గా రాత్రి కామత్‌ఘర్‌ల ఒక్కడు పండుకోలే. పోరగాండ్లు గుక్కపట్టి ఏడ్సిన్రు, జోల లేదు గద. ఇన్నేండ్లసంది పెండ్లాలు ఏమని తిట్టిన్రో మొగోళ్లకు అప్పుడు ఇనబడ్డది. తెల్లారి పోలీసు ఠాణా ముంగట లైను.” తర్వాత గొంతు తగ్గించాననుకుని గట్టిగానే అన్నాడు: “అందరికన్న పెద్ద కష్టం మా బావకు. తక్కెడ ముల్లు ఊగుడు బందైంది.”

నిజమే. కార్ఖానా అదురుకి మా అరల్లోని గాజు సీసాలు రోజంతా కొద్దికొద్దిగా ముందుకు జరిగేవి. పొద్దున్నే వాటిని వెనక్కి నెట్టడం నా పని. తక్కెడ ముల్లూ నిలిచేది కాదు. గిరాకీ అనుమానంగా చూస్తే బాపు కార్ఖానా వైపు చెయ్యి చూపేవాడు. ఆ ఊగుడులో లాభం ఎటు మొగ్గేదో నేను చెప్పను. దాంతో పెరిగిన ఒళ్లే ఇది. ఆ రోజు మాత్రం బాపు నవ్వాడు. “నీ నోటికి గూడ ఓ కమిటీ ఎయ్యాలె,” అన్నాడు.

నాకు బేరం నేర్పింది బాపు అనుకుంటారు. బాపు నేర్పింది ధర చెప్పడం. నూనె ఏజెంటు ఒకడు, రేపటి నుంచి ధర మండుతుంది, ఇవాళే డబ్బాలు దింపుకో అని నన్ను భయపెట్టాడు. నేను సరే అనబోతుంటే కుర్చీలోంచి వినబడింది: “మండినంక?” ఏజెంటు తడబడ్డాడు. “మండినంక ఎవలు కొనరు. నువ్వు మళ్ల ఈన్నే అస్తవు. గప్పుడు దింపుకుంటం తియ్యి.” ఏజెంటు నిజంగానే మళ్లీ వచ్చాడు.

తర్వాత మా గల్లీలో కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎదుటి కార్ఖానా సాంచాలు భంగారుకు, అంటే పాత ఇనుము కింద, పోతున్నాయని సేట్ మనిషి చెప్పిపోయిన సాయంత్రం మామ కాగితం లాగలేదు. నేనే లాగి చదివాను: ‘కాల్హేర్ గోదాముల్లో కొత్త కొలువులు’.

“తర్వాత ఏమైంది మామా?”

“నాకు తెల్వది అల్లుడా,” అన్నాడు. “గీ వయసుల నేను మూటలు మోస్తనా? పని పోతే ఖోలీ గూడ ఇడిసిపెట్టాలె. గది సేట్‌దే గద.”

ఆయనకు ‘తర్వాత’ దొరకకపోవడం నేను చూసింది అప్పుడే. తెల్లవారి ఆయన్ని షేర్ ఆటోలో కాల్హేర్ తీసుకుపోయాను. గోదాము పనివాళ్ల మీద ముకద్దం మా వైపు మనిషే. మామకు గేటు కాపలా పని అడిగాను.

“ఈనకు సరిగ్గ ఇనబడదు. గేటుకాడ ఎట్ల?” అన్నాడు.

“లారీ ఇనబడకపోతే కనబడదా?” అన్నాను.

క్యాబిన్ అడిగాను, ఫ్యాను అడిగాను, మంచం కూడా అడిగాను. ఏదీ రాదని తెలుసు. ఒక్కోటీ బాధపడుతూ వదులుకుని, చివరికి పగటి డ్యూటీ, గోడ వెనక చిన్న గది దగ్గర మొండికేశాను. ముకద్దం విసిగి ఒప్పుకున్నాడు. “కుర్సీ మాత్రం మీరే తెచ్చుకోండ్రి,” అన్నాడు. అంత గొప్ప బేరంలో మా దుకాణం కుర్చీ పోయింది.

సెలవు రోజున మామ వచ్చి బియ్యం బస్తా మీద కూర్చునేవాడు. “ఆడ సప్పుడు లేదు అల్లుడా, నిద్ర పడుతలేదు. నా కథ నాకే తగిలింది,” అని నవ్వబోయి దగ్గేవాడు. ఒక వానకాలం ఆ దగ్గుతోనే పోయాడు. గోదామువాళ్లు కుర్చీని ఆటోలో తిప్పి పంపారు. దాన్ని పాత చోటే వేశాను. నేను అందులో కూర్చోను.

ఇప్పుడు సీసాలు పెట్టినచోటే ఉంటాయి. చింతపండు కోసం నిలబడ్డ ఆమెకు తూచాను. ముల్లు కదలకుండా నిలబడింది. ఆమె దానివైపు చూడను కూడా లేదు. పొట్లం మీది హెడ్డింగు చూసి, “మంచిరోజులు అచ్చినంక ఏమైతది?” అంది.

“అచ్చినయి,” అన్నాను. “ఎదురుంగ కార్ఖాన తాళం జూసినయి. రోడ్డు దాటి అచ్చి, అందరు ఏడికి పోయిన్రని నన్నడిగినయి. కాల్హేర్ అన్న. సరే, పల్లీలియ్యి అన్నయి. రేటు తగ్గించమన్నయి. నేను తగ్గియ్యలే.”

“ఇగ?”

“ఇగ కూసోమన్న. కుర్సీ ఖాళీగనే ఉంది.”