కట్ట కింది గ్లాసు నీళ్లు

ఈ పొద్దున కిటికీలో పెట్టిన గాజు గ్లాసులోంచి తడిమట్టి వాసన వస్తోంది. అడుగున గోరంత మందాన ఎర్రమన్ను పేరుకుంది. ఆ వాసనకు ఉప్పుగూడలో మా ఇంటి వెనకాల సేటు కుంట, దాని మట్టికట్ట, భుజాన పార పెట్టుకుని కట్ట మీద నడిచే మా బాపు కళ్లముందు నిలిచారు.

శాలిబండలో బట్టల దుకాణమున్న సేటు తన జామతోట తడుపుకోవడానికి కట్టించుకున్న కుంట అది. దానికి బాపు కాపలాదారు. వానాకాలమంతా ఎండ్రకాయల బొక్కలు వెతికి బంకమట్టితో పూడ్చి కాలితో తొక్కేవాడు, కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగులో అడ్డుపడ్డ కొమ్మలు లాగేసేవాడు. కట్ట దిగువన వట్టికాళ్లతో నడిచి, పాదానికి చల్లగా తగిలిన చోట ఊరే నీళ్లను గ్లాసులో పట్టుకు రావడం నా పని. బాపు ఆ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసేవాడు. తేటగా ఉంటే కట్టకు చెమట పట్టిందని నవ్వేవాడు. ఎర్రగా ఉంటే కట్టను నీళ్లు లోపల్లోపల తింటున్నాయని, తాగుతున్న చాయ్ వదిలేసి పరుగెత్తేవాడు.

ఆషాఢంలో బోనాలకు కట్ట మీది మైసమ్మ రాయికి సున్నం వేసేవాళ్లు. వాడంతా బెల్లమన్నం, వేపరెమ్మల వాసన. ఒక ఏడు ఆ రాయి పక్కనే వేపమొక్క మొలిచింది. సాక్షాత్తు అమ్మవారే వచ్చిందని ఆడవాళ్లు దానికి పసుపు రాసి దారం చుట్టారు. కట్ట మీద జానెడు మొక్కను కూడా బతకనివ్వని బాపు, దాని ముందు మాత్రం చేతులాడక నిలబడిపోయాడు. మా అవ్వ, అంటే మమ్మల్ని కన్నతల్లి, నెత్తిమీది బోనం దించి, కొంగు నడుముకు దోపి, అందరూ చూస్తుండగా ఆ మొక్కను వేర్లతో సహా పెకలించింది.

"అమ్మకు కోపమొస్తే ఎట్లనే?" అంది పక్కింటి నర్సమ్మ.

"వేరు పోయిన తొవ్వలనే నీళ్లు పోతయి. కట్ట తెగితే మైసమ్మ గూడ మనతోని మునుగుతది. గా మాత్రం ఆమెకు తెల్వదా?"

మొక్కను తెచ్చి మా వాకిట్లో నాటింది. ఆ రోజు మా బెల్లమన్నం ఎవరూ ముట్టలేదు; మేమే రెండు పూటలా తిన్నాం.

బాపు పోయాక ఆ పనికి ఎవరినీ పెట్టలేదు. జామతోట పోయి గల్లీలయింది. కట్ట నిండా తుమ్మచెట్లు. ట్యాంకర్లకు అమ్ముకోవడానికి ఇంకొన్ని నీళ్లు నిలబడాలని సేటు మనవడు అలుగుకు అడ్డంగా గోడ కట్టించాడు. పోయిన వారం ముసురుకు కట్ట కింద నా పాదానికి చల్లగా తగిలింది. గ్లాసు పడితే ఎర్రగా వచ్చింది. దాన్ని పట్టుకుని శాలిబండ వెళ్లాను.

"పెద్దమ్మా, అది మా పట్టా జాగ. నీకేంది ఫికర్?" అన్నాడు ఆ మనవడు.

"జాగ నీదే బిడ్డా. తెగినంక నీళ్లు నీ పట్టా చూసి ఆగుతయా?"

కట్ట బాగుచేయించమని సర్కారు ఆఫీసుకు అర్జీ నేనే రాశాను, ఈ వయసులో మనవరాలి పలక మీద దిద్దుకున్న అక్షరాలతో. ఆఫీసులో గుమాస్తా దాన్ని చదవకముందే నా వైపు వేలిముద్ర సిరాడబ్బా జరిపాడు. నేను దాన్ని వెనక్కి జరిపి, కింద నా పేరు రాసి, గ్లాసు ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

జామపళ్ల వాసన లేదు, కట్ట మీద పారతో నడిచే మనిషి లేడు. ఆఫీసు నుంచి ఎవరూ వచ్చి చూడలేదు. ఈ పొద్దున మళ్లీ పట్టిన ఈ రెండో గ్లాసు రేపు తీసుకెళ్తాను. ఇంట్లో ఇంకా నాలుగున్నాయి.