గేరు కేబుల్‌కు వదిలిన వంపు

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, మాదాపూర్‌లోని ఒక ఐటీ క్యాంపస్‌లో మెకానికల్ మెయింటెనెన్స్ మేనేజరుగా చేరాను. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. హోదా పేరు పెద్దదే గానీ, లిఫ్టులు, నీటి పంపులు, జనరేటర్లతో పాటు తోటపని యంత్రాలు కూడా నా నెత్తినే ఉండేవి. మా శాఖ ఒకటి ఉందని అక్కడివాళ్లకు ఏసీ ఆగిపోయినప్పుడే గుర్తొచ్చేది.

ఆ యంత్రాల్లో ముఖ్యమైనది గడ్డికోత మిషన్. దాని చక్రాలను పెట్రోలు ఇంజనే తిప్పుతుంది. మనిషి వెనక నడుస్తూ హ్యాండిల్ పట్టుకుని దారి చూపిస్తే చాలు. హ్యాండిల్ మీద గేరు లివర్, కింద గేరుబాక్సు. ఈ రెంటినీ కలిపేది గేరు కేబుల్. సైకిల్ బ్రేకు తీగ లాంటిదే: పైన నల్లటి తొడుగు, లోపల కదిలే ఉక్కు తీగ. న్యూట్రల్‌లో ఉంటే ఇంజను తిరుగుతున్నా మిషన్ కదలకూడదు.

దాన్ని పొద్దున యాదమ్మ, మధ్యాహ్నం నర్సింలు నడిపేవారు. యాదమ్మది హఫీజ్‌పేట్. ఊడ్చే పనిలో చేరి, మిషన్ నేర్పమని ఏజెన్సీ సూపర్‌వైజరు వెంటపడి మరీ ఆపరేటరైంది. మా క్యాంపస్‌లో ఆ పనిలో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఒకసారి లోపలి తీగ పోగులు తెగి గేర్లు పడకపోతుంటే కేబుల్ మార్చాను. టెక్నీషియన్‌కు చెబితే సరిపోయేది, కానీ నా చేతులు ఊరుకోవు. పాతది విప్పే ముందు అది ఏ దారిలో, ఏ వంపులతో వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. కొత్తదాన్ని అదే దారిలో వేయాలి. లివర్‌నూ, కేబుల్ కింది కొస తగిలే గేరుబాక్సు చేతినీ రెంటినీ న్యూట్రల్‌లో ఉంచి సర్దుబాటు నట్టు తిప్పాలి. తీగ కొసను లాగకుండా, తొయ్యకుండా దానంతట అదే ఆ చేతికున్న రంధ్రంలోకి దిగితే కుదిరినట్టు. ఆపైన లాక్ నట్టు బిగించి, ఇంజను ఆపి ఉండగానే ఒక్కో గేరూ వేసి, చక్రాలు చేత్తో తిప్పి చూడాలి. అన్నీ చేశాను. మిషన్ బాగానే నడిచింది.

యాదమ్మ బోనాలకు సెలవు పెట్టి తిరిగొచ్చిన ఉదయం, ఇంజను స్టార్ట్ చేయగానే మిషన్ ముందుకు ఉరికింది. బ్లేడు ఇంకా వేయలేదు కాబట్టి సరిపోయింది. బెంచీ మీద టీ తాగుతున్నవాళ్లు కాళ్లు పైకెత్తుకున్నారు. పూలకుండీ ఒకటి పగలగొట్టాక గానీ అది ఆగలేదు. లివర్‌ను గేరులో వదిలేసి స్టార్ట్ చేసిందని సేఫ్టీ ఆఫీసరు తేల్చేశాడు. తన చేతిలో ఎప్పుడూ అలా కాలేదని నర్సింలు చెప్పాడు, అది నిజమే. యంత్రంలో లోపం లేదని నేను ఒక్క మాట అంటే, యాదమ్మ చేతికి మళ్లీ చీపురే.

మిషన్‌ను షెడ్డుకు తెప్పించి, హ్యాండిల్‌ను నా ఎత్తుకు పెట్టుకుని పరీక్షించాను. నర్సింలూ నేనూ దాదాపు ఒకే పొడుగు. ఏ లోపమూ కనిపించలేదు. నాకూ ఆమె మీదే అనుమానం కలిగింది, ఆ మాటే ఆమెతో అన్నాను.

"సార్, నేను న్యూట్రల్‌లనే పెట్టిన," అంది. "మిషన్ ఎందుకు ఉరికిందో నాకు తెల్వది. గానీ నేను అబద్ధం ఆడుతలేను."

గొంతు పెంచలేదు, తల దించలేదు. ఆ నిలకడ చూశాక నాకు నా మాట మీదే నమ్మకం తగ్గింది. ఆ ఉదయం చేసినదంతా మొదటినుంచీ మళ్లీ చేసి చూపించమన్నాను. ఆమె ముందుగా లివర్ న్యూట్రల్‌లో పెట్టింది. తర్వాత ఎత్తు మార్చే గుబ్బ వదులు చేసి, హ్యాండిల్‌ను తన నడుము ఎత్తుకు దించింది. నేను వంగి కింద చూస్తున్నాను. లివర్‌ను ఎవరూ ముట్టలేదు. హ్యాండిల్ దిగుతుంటే గేరుబాక్సు చేయి మెల్లగా ముందు గేరులోకి జరిగింది.

హ్యాండిల్ కీలు దగ్గర కేబుల్‌కు కొంచెం వంపు వదలాలి. హ్యాండిల్ కిందికి దిగేటప్పుడు అక్కరకొచ్చేది ఆ వంపే. నేను వదిలిన వంపును ఎవరో లాగేసి, కీలుకు అటూ ఇటూ రెండు జిప్ టైలు, అంటే తీగలు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, బిగించి, తోకలు కత్తిరించి ముచ్చటగా సర్దారు. నల్ల తొడుగు మీద నల్ల టైలు కావడంతో ముందు నా కంటికి ఆనలేదు. హ్యాండిల్ దించగానే తొడుగు బిగుసుకుని, కింది క్లాంపులోంచి జరిగి, లోపలి తీగను లాగుతోంది.

విచారిస్తే సంగతి బయటపడింది. యాదమ్మ సెలవులో ఉండగా క్లయింట్ విజిట్ జరిగింది. క్లయింటు వస్తున్నాడంటే మా ఐటీ కారిడార్‌లో పెళ్లివారొస్తున్నంత హడావుడి. వేలాడే తీగ ఒక్కటి కూడా కంటపడకూడదని అడ్మిన్ విభాగం నెట్‌వర్క్ టీముకు ఆదేశమిచ్చింది. సర్వర్ గదిలో కేబుళ్లను జడ అల్లినట్టు సర్దే ఇంజనీరు ఒకాయన, బేస్‌మెంట్‌లోని మా షెడ్డు దాకా వచ్చి మిషన్ కేబుల్‌నూ కట్టేశాడు. డేటా కేబుల్‌కు కదలాల్సిన పని లేదు. గేరు కేబుల్‌కు కదలడమే పని. ఆయన మీద నాకు కోపం రాలేదు. షెడ్డు తాళం తీయించి, మాకొక మాట కూడా చెప్పని అడ్మిన్ మీద వచ్చింది.

టైలు తెంచి, నలిగిన కేబుల్ తీసి ఇంకొకటి వేశాను. సేఫ్టీ ఆఫీసరును పిలిచి, హ్యాండిల్ దించీ ఎత్తీ చూపించాను. పొరపాటు పడ్డానని ఆయన యాదమ్మతోనే చెప్పాడు. ఆమె మిషన్ మీదే కొనసాగింది.

తర్వాతి విజిట్‌కు అడ్మిన్ ఉద్యోగి ఒకాయన జిప్ టైల కట్టతో మళ్లీ దిగాడు. నేను నోరు తెరిచేలోపే యాదమ్మ మిషన్‌కు అడ్డంగా నిలబడింది.

"దాన్ని ముట్టకుండ్రి సార్. గా తీగ వేలాడితెనే మిషన్ నా మాట ఇంటది."

ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. కేబుల్ మార్చాక యంత్రాన్ని మన ఎత్తులో నడిపి చూస్తే పని సగమే అయినట్టు. రోజూ నడిపే మనిషి ఎత్తుకు హ్యాండిల్ పెట్టి, ఆ మనిషి చేతనే నడిపించి చూశాకే రిపేరు పూర్తయిందనాలి.