పెద్దమ్మ చదివిన ఆఖరి భాగం

మా ఊరు లక్డారంల చింతపండు గింజలు తీసే ఆడోళ్లకు వారపత్రికల సీరియల్ చదివి ఇనిపిచ్చేది మా పెద్దమ్మ. వేలు నాలికకు అద్దుకొని పేజీ తిప్పి, “ఇగ ఇనుండ్రి” అనంగనే మా చేతులు ఆగిపోయేటియి. పత్రిక షావుకారింటిది. చదువుడు కాంగనే వాపస్ ఇచ్చేది.

ఆ సీరియల్ల పిల్లది నా వయసే. ఉద్యోగం వచ్చింది, పెండ్లి సంబంధమూ వచ్చింది. పిలగానోళ్లు ఉద్యోగం వద్దన్నరు. నాకూ అదే తిప్పలు. పటాన్‌చెరు మందుల కంపెనీల కొలువు ఒకదిక్కు, జోగిపేట సంబంధం ఒకదిక్కు. ఆ పిల్ల ఏం జేస్తదోనని కాసుక్కూసున్న.

ఆఖరి వారం పెద్దమ్మ నా దిక్కే సూసుకుంట చదివింది. ఆ పిల్ల సంబంధం కాదని కొలువుకు బస్సెక్కింది. తెల్లారి నేనూ ఎక్కిన.

ఏండ్లకు ఆ నవల సంగారెడ్డి లైబ్రరీల దొరికింది. అండ్ల ఆ పిల్ల కండ్లు తుడుసుకొని పెండ్లిపీటల మీద కూసుంది. సీదా పెద్దమ్మ దగ్గరికి పోయిన.

“గట్లెందుకు మార్చి చదివినవ్ పెద్దమ్మా?”

ఆమె బియ్యం చెరుగుడు ఆపలే.

“రాసినాయన పిరికోడు బిడ్డా. గన్ని వారాలు పిల్లను బస్సు దాక తోలుకొచ్చి ఎనక్కి మలిపిండు. నేను ఎక్కిచ్చిన, గంతే.”