సారు తుడవని మాట

కళ్లారా చూసినదాన్ని చూడలేదని మీరు చివరిసారి ఎప్పుడు చెప్పారు? తొందరపడి జవాబు ఇవ్వకండి. ఇది చదువుతూ గుర్తు చేసుకోండి. నేను చెప్పింది పోయిన వానాకాలంలో. నా చేత ఆ అబద్ధాన్ని దిద్దించాలని చూసిన మనిషి మొన్న సోమవారం పొద్దున కన్నుమూశారు. లక్డారంలో మా ఇంగ్లీషు సారు. షిఫ్టులో ఉండగా ఫోన్ వచ్చింది. "సారు పోయిండన్నా," అన్నాడు నాతో పాటు చదువుకున్నవాడు. మిషను ఆపకుండానే విన్నాను.

సర్కారు బడిలో రిటైరయ్యాక, ఫ్యాక్టరీలకు పోగా మిగిలిన కాస్త భూమిలో ఆయన ఒక రేకుల షెడ్డు వేసుకున్నారు. ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన వాళ్లకు సాయంత్రం ఆరింటికి అక్కడ పాఠం. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. దేవుని వాక్యం మాత్రం నాకు నేనే చదువుకుని ఆదివారాలు బోధిస్తాను. బోధలో ఇంగ్లీషు కలిపితే జనం మెచ్చుకుంటారని ఆశపడి వెళ్లాను.

"సారూ, వింటే అదిరిపోయే మాటలు నేర్పున్రి," అన్నాను.

"అదరగొట్టెటందుకు మైకు ఉంది గద నీకు. జెర అర్థమయ్యేటియి నేర్చుకో," అన్నారు.

ఆయన బొట్టు ఆయనది, నా గ్రంథం నాది. మా ప్రార్థన కూడికకు ఎన్నడూ రాలేదు. కానీ నా చేతిలోని గ్రంథాన్ని ఓరగా చూసి, "ఏ పేజీ బాగ నలిగిందో నాకెరుకే బోధకా. ఎదుటోన్ని గద్దించేటిది," అని నవ్వేవారు. ఆ మాట నిజం.

ఆయన పాఠానికి ఒక పద్ధతి ఉండేది. గోడకు నల్లరంగు పూసిన పలక మీద రోజుకొక్క నామవాచకం. ముందు అర్థం. తర్వాత పర్యాయపదాలు. ఎవరి భాషలో వాళ్లు చెప్పాలి. ఆఖరున ఒక్కొక్కరు ఆ మాటతో ఒక వాక్యం. పుస్తకంలోది చెల్లదు. "నీ ఇంట్ల జరిగింది చెప్పు, నీ పనిల జరిగింది చెప్పు," అనేవారు. అందరూ చెప్పేదాకా ఆ మాటను తుడిచేవారు కాదు. ఒడిశా నుంచి వచ్చిన వెల్డరు సిగ్గుపడినందుకు 'హంగర్', అంటే ఆకలి, అన్న మాట మూడు రోజులు పలక మీదే ఉంది. నాలుగో రోజు అతను చెప్పాడు. అందరం తలలు దించుకుని విన్నాం.

ఇప్పుడు నా సంగతి. మా ఫ్యాక్టరీ లైనులో సుగుణ అని కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయి ఉంది. ప్రెస్సు మిషనులోకి చెయ్యి పోకుండా ఒక జాలీ తలుపు ఉంటుంది. పని జల్దీ కావాలని సూపర్‌వైజరు ఆ తలుపును తీగతో వెనక్కి కట్టేశాడు. కట్టడం నేను చూశాను. ఆ మధ్యాహ్నమే సుగుణ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. తలుపు ఆమే కట్టుకుందని కంపెనీవాళ్లు కాగితం రాశారు. "నువ్వేమన్న చూసినవా?" అని నన్ను అడిగారు. ఆ నెలలోనే నన్ను లైను లీడరును చేస్తామని అన్నారు.

"అటు తిరిగి ఉన్న సార్. చూడలే," అన్నాను. అన్నట్టే లైను లీడరునయ్యాను.

సుగుణ ఉండేది సారు వాళ్ల గల్లీలోనే. ఆమె ఏం చెప్పిందో, వారం తిరక్కుండా పలక మీద 'విట్‌నెస్' అన్న మాట వచ్చింది. సాక్షి అన్నాం. గవా అన్నాడు బీదర్ నుంచి వచ్చిన ఫిట్టరు. సారు దాని పక్కన ఇంకో మూడు ఇంగ్లీషు మాటలు రాశారు. ఆన్‌లుకర్, స్పెక్టేటర్, బైస్టాండర్.

"అన్నీ ఒకటే కదా సారూ?" అన్నాను.

"పర్యాయపదాలంటే పక్కపక్క ఇండ్లసొంటియి. గోడ ఒక్కటే, పొయ్యిలు వేరు. ఈ ముగ్గురు చూసినోళ్లు, అంతే. విట్‌నెస్ అంటే చూసి చెప్పెటోడు. చెప్పకపోతే ఆ ఇల్లు ఇడిసి ఈళ్ల ఇంటికొస్తడు." ఆయన నా వైపు చూడలేదు. "ఇగ నీ వాక్యం చెప్పు బోధకా."

"రేపు చెప్త సారూ."

"మంచిది. మాట ఎటూ పోదు."

మర్నాటి నుంచి కొత్త మాటలన్నీ దాని కిందే రాశారు. కింద ఎన్ని మారినా పైన ఆ ఒక్కటీ అలాగే ఉండేది.

మా కూడికలో ప్రతి ఆదివారం సాక్ష్యాలు చెప్పడం ఆచారం. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి చెప్పాలి. అందరికన్నా పొడుగు సాక్ష్యం నాది. ప్రభువు ఎవరో తెలియదని బొంకి, కోడి కూత విని ఏడ్చిన శిష్యుడి గురించి గొంతు చించుకుని చెప్పేవాణ్ణి. నా గల్లీలో ఎన్ని కోళ్లు కూసినా నాకు ఏడుపు రాలేదు.

సుగుణ సంగారెడ్డి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టింది. చూసినవాళ్లు ఒక్కరు చెప్పినా చాలన్నారట. సారు నన్ను పక్కకు పిలిచారు. "ఆదివారం చెప్పేది సోమవారం చెప్పు. నేను తోడొస్త. బస్సుల కిటికీ పక్క నువ్వే కూసో." సరేనన్నాను. విచారణ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని పటాన్‌చెరు స్టాపులో గంటన్నర నిలబడ్డారు. నేను ఫోన్ చేసి ఓవర్‌టైం పడిందన్నాను. ఏ ఓవర్‌టైమూ పడలేదు. "అయితే ఇంకోనాడు పోదాం," అన్నారు. విచారణ వాయిదా పడింది. రెండోసారీ ఇంతే. అప్పటికే ఆయనకు దగ్గు మొదలైంది. ఆ దగ్గుతోనే నిలబడ్డారని నాకు తర్వాత తెలిసింది.

సోమవారం సాయంత్రం వెళ్లాను. షెడ్డులో కుర్చీలు బయటికి తీశారు. పలక మీద కింది మాటలన్నీ తుడిచి ఉన్నాయి. పైన ఆ ఒక్కటే ఉంది. చాక్‌పీసు రాత వెలిసిన చోట మళ్లీ దిద్దినట్టు తెలుస్తోంది. సారు భార్య నా పక్కన నిలబడింది.

"దవఖానకు పోయేముందు తుడుస్తనంటే తుడవనియ్యలే బిడ్డా. 'గాయన ఇంక చెప్పలే, ఉండనియ్యి' అన్నడు. నువ్వేనా ఆయన?"

"నేనేనమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇవాళ పదకొండు గంటలకు సంగారెడ్డిలో సుగుణ అర్జీ మీద ఆఖరి విచారణ. తెల్లవారుజామునే లేచి ఇది రాశాను. చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించాను. లైను లీడరు పని పోతుందేమో, అసలు పనే పోతుందేమో. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచి ఇవతల కూర్చుంటాను. చెప్పాల్సింది చెప్పి, నేరుగా లక్డారం వెళతాను. పలక తుడవడానికి గుడ్డ తడిపి పెడతానంది సారు భార్య.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. మీకు గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఎవరి ముందు ఏం మింగారో కూడా గుర్తొచ్చింది. రేపు అనకండి. ఆ మాట నేను అన్నాను, మా సారు ఆ రేపటి దాకా ఆగలేదు. ఇవాళే, ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లేచి వెళ్లి చెప్పండి.