యోహాను కాలు

నలభై ఏళ్ళుగా ఒక మనిషి పాదం నా ఎదమీద ఉండాది. తీయమని అతన్ని అడగలేను. దాన్ని అక్కడ పెట్టుకున్నది నేనే.

ఈ కాగితం మీద రాసి నీకు చెబుతున్నా. నవ్వొస్తే నవ్వు. ఇందులో నవ్వుకునేదే ఎక్కువ, అదే నా అవస్థ.

పందొమ్మిది వందల యాభైల చివరి మాట. బద్వేలులో నాకు ఒక రేకుల షెడ్డు. బడికి పోయింది మూడేళ్ళు. ఇంజన్ల పని నాకెవరూ నేర్పలేదు. విప్పి చూసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నా. బండ్లతో వచ్చే ఇంగ్లీషు పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కునేవాణ్ణి. ‘చదువు లేనోడికి ఏం తెలుసు’ అనే పెద్దమనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటే నాచేత ఈ తప్పు చేయించిందా? లేదు, దానిమీదికి తోయను. చేసింది నేను.

శనక్కాయ నూనె మిల్లు యజమాని కొత్త కారు కొన్నాడు. అంతకు ముందు మేం చూసిన బండ్లలో క్లచ్ పెడలు నుంచి ఇనుప కడ్డీ పోయేది. దీంట్లో కడ్డీ బదులు సన్నటి గొట్టం, గొట్టం నిండా ఒక రకం నూనె. పెడలు తొక్కితే ఆ నూనే అవతల క్లచ్‌ను తోస్తుంది. దాన్ని తోలేవాడు యోహాను. చర్చిపేటలో స్టీరింగు పట్టిన మొదటివాడు. హారను వినబడితే పేటలో ముసలమ్మలు కూడా ‘మావోడు వస్తాండాడు’ అని గడప దాటి వచ్చేవాళ్ళు.

యోహాను పెండ్లికి తన కారు వాడుకోమని యజమాని అన్నాడట. ఇంకా మూడు రోజులుందనగా యోహాను షెడ్డుకు తెచ్చినాడు.

"అన్నా, పెడలు మెత్తగా దిగిపోతాండాది. గేరు వేస్తే గర్రుమంటాండాది."

తొక్కి చూసినా. ఒకసారి తొక్కితే నేలకంటింది. వెంటవెంటనే నాలుగుసార్లు తొక్కితే గట్టిపడింది. అంటే క్లచ్ పలకలకు ఏమీ కాలేదు, గొట్టంలో గాలి చేరింది. నూనె గిన్నె అడుగంటింది. అతుకు దగ్గర తడి. రోగం దొరికిన ఆ సంతోషం నీకెట్ల చెప్పేది! ఈల వేసుకుంటూ అతుకు బిగించినా.

ఆ నూనె మద్రాసు నుంచి రావాలి. ‘నా దగ్గర లేదప్పా’ అంటే సరిపోయేది. ఆ మాట నా నోట రాలేదు. "నూనె మిల్లు కారుకు నూనె కరువా?" అన్నా. ఇద్దరం పగలబడి నవ్వినాం. తాజా శనక్కాయ నూనె వడకట్టి పోసినా. అతను పెడలు తొక్కుతుంటే నేను కింద పడుకుని మర వదులు చేసి గాలి పోనిచ్చినా. పెడలు భేషుగ్గా నిలిచింది.

మరుసటిరోజు ఆ బండి పుస్తకం తిరగేస్తే, వేరే నూనె పోస్తే రబ్బరు చెడుతుందని ఉండాది. చదివినా. అర్థమైంది. పుస్తకం మూసినా.

పెండ్లినాడు, పెండ్లికూతురు ఎక్కి కూర్చున్నాక, తొక్కిన పెడలు పైకి రాలేదు. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. పెండ్లికూతురి మేనమామ కిటికీలో తల పెట్టి, "ఏమప్పా అల్లుడా, ఎద్దులు కట్టేదా?" అన్నాడు. అంతే, పెండ్లి మొత్తం కారు వెనక చేరింది. ముందర బ్యాండు, వెనక తోసేవాళ్ళు. పాస్టరుగారు కూడా అంగీ ఎగదోపి ఒక చెయ్యి వేసినాడు. సగం దూరంలో పెండ్లికూతురు దిగి, కొంగు బిగించి, తానూ తోసింది. కడుపు పట్టుకుని నవ్వినాం. అట్లాంటి పెండ్లి నేను మళ్ళీ చూడలేదు. తోస్తూ తోస్తూ నేను కూడా నవ్వినా. ఎట్లా నవ్వగలిగినా?

మరునాడు విప్పితే లోపలి రబ్బరు నానిన శనగగింజలా ఉబ్బి, కదలకుండా బిగుసుకుని ఉండాది. గుప్పిట్లో దాచినా. యజమాని నా తలమీదే నిలబడి ఉన్నాడు.

"ఎవరి తప్పు మేస్త్రీ?"

"యోహానుది బరువు కాలు. ఎప్పుడూ పెడలు మీద ఆనించే తోలతాడు."

నా విద్య మీద ఆ ఊరికున్న నమ్మకం అట్లాంటిది. సాయంత్రానికల్లా యోహాను మిల్లులో మూటలు తూచే పనిలో ఉన్నాడు. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. నామీద కోపం వచ్చుంటే ఎంత బాగుండేది! అతను నమ్మినాడు. తన కాలే బరువనుకున్నాడు. ఇప్పటికీ ఆ పెండ్లి కథ తానే చెప్పి అందరినీ నవ్విస్తాడు, చివర్లో కాలు చూపించి "దీని పుణ్యమే" అంటాడు. నేనూ నవ్వుతా. కొడుకు జీపు కొంటే పక్క సీట్లో కూర్చుంటాడు, రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని. అది చూసినప్పుడు మాత్రం నవ్వలేను.

రేపు పొద్దున ఈ కాగితం తీసుకుపోయి అతని ముందర చదువుతా. ఏమంటాడో తెలీదు. ఏమన్నా, ఆ ఏళ్ళు తిరిగి రావు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఒక్కటి మాత్రం అతను వినాల. ఆ బండి రోగం కనిపెట్టినవాడిగా చెబుతున్నా: యోహాను కాలు తేలిక. క్లచ్ మీద అంత తేలికైన కాలు నేను మళ్ళీ చూడలేదు.

రాసేసినా. చూడు, శానా నాళ్ళకు ఈల వస్తాండాది.